ఢిల్లీ వేషము కట్టిన కీవ్ భవనము

పగటివేషములు తెలుగువారికి క్రొత్త కావు. ఖాకీ కోటు తొడిగి, కొయ్య తుపాకి భుజముపై నిడుకొని, ఊరిలోని చెరువులు మాన్యములు అన్నియు తనవేయని కోతలు కోయు పిట్టలదొరను చూచి నవ్వి, చాటెడు బియ్యము పెట్టి పంపిన జాతి ఇది. అయితే పిట్టలదొర నిజముగా దొర యైనచో ఏమి చేయవలెనను ప్రశ్న పూర్వులకు కలుగలేదు.

1991లో సోవియట్ సమాఖ్య విచ్ఛిన్నమై పదునైదు రాజ్యములైన పిదప ఈ ప్రశ్న అచ్చట రెండు విధములుగ తలయెత్తినది. తుర్క్‌మెనిస్తానులో పాలకుడే కళాకారుడయ్యెను. నియాజొవ్ అను అధ్యక్షుడు 2002లో జనవరి మాసమునకు తన బిరుదును, ఏప్రిలుకు తన తల్లి పేరును పెట్టెను. తరువాత వచ్చిన బెర్దిముహమేదొవ్ 2008లో పాత పేర్లను మరల తెచ్చి పంచాంగమునకు విముక్తి కలిగించెను గాని, తానే గిటారు పట్టి టెలివిజనులో పాడసాగెను. అట్టి కచ్చేరిలో చప్పట్లు కొట్టకుండ లేచిపోగల రసజ్ఞులు అరుదు.

ఉక్రెయినులో కళాకారుడే పాలకుడయ్యెను. హాస్యనటుడు వొలొదిమిర్ జెలెన్‌స్కీ 2006లో టెలివిజను నాట్యపు పోటీలో నెగ్గినవాడు. 2015లో ప్రారంభమైన ‘ప్రజాసేవకుడు’ అను ధారావాహికలో అతనిది చరిత్ర చెప్పు బడిపంతులు వేషము. పంతులు లంచగొండులను తిట్టిపోయగా, శిష్యుడొకడు దానిని చాటుగా చిత్రించి లోకమునకు చూపుటచే ఆయన దేశాధ్యక్షుడగును. ధారావాహిక పేరే పిదప పార్టీ పేరైనది. 2019లో నూటికి 73 వంతుల ఓట్లతో నటుడు నిజముగనే అధ్యక్షుడైనాడు. ఐరోపా ముక్కున వేలు వేసికొన్నది.

తెలుగువారికి ఆ శ్రమ అక్కరలేదు. 1982 మార్చి 29న పార్టీ స్థాపించి, 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసిన నందమూరి తారక రామారావును వారెరుగుదురు. ఆయన కృష్ణ పాత్ర నుండి దిగివచ్చెను. కీవ్ నటుడు బడిపంతులు పాత్ర నుండి పైకెక్కెను. ధారావాహికలోని అధ్యక్షుడు సైకిలు తొక్కుచు కొలువునకు పోవును. తెలుగుదేశము గుర్తును సైకిలే! 1984 ఆగస్టులో పదవి పోయినపుడు రామారావు చక్రముల కుర్చీలో, శాసనసభ్యులను వెంటబెట్టుకొని, ఢిల్లీ రాష్ట్రపతి భవనమునకు వచ్చెను. ఆ యాత్రలో నటన యెంత, ప్రాణసంకట మెంత యని తర్కించినవారున్నారు. సెప్టెంబరు 16న పదవి తిరిగి వచ్చినది.

ఈ రెండు నాటకములును 2021 ఆగస్టులో ఒకచోట కలిసినవి. అల్లూరి సీతారామరాజు, కొమురం భీము ఢిల్లీలో స్నేహితులైనట్లు కల్పించిన ‘ఆర్ ఆర్ ఆర్’ చిత్రమునకు 1920 ప్రాంతపు దొరల మేడ యొకటి కావలసియుండెను. ఢిల్లీలో మేడలకు కరవా? కాదు. కాని ఇచ్చట ఒక వరండా ఖాళీ చేయించుటకు ఎన్ని దస్త్రములు నడువవలెనో కేంద్ర ప్రభుత్వోద్యోగులకు వేరుగ చెప్పనక్కరలేదు. ‘నాటు నాటు’ పాట కీవ్‌లోని మారిన్‌స్కీ భవనము ముందు చిత్రింపబడినది. పదునెనిమిదవ శతాబ్దిలో రష్యా చక్రవర్తిని ఎలిజబెత్ కొరకు రాస్త్రెల్లి నమూనాపై కట్టిన ఆ మేడ, నేడు ఉక్రెయిను అధ్యక్షుని అధికార భవనము. నాట్యపు పోటీలో నెగ్గిన అధ్యక్షుని వాకిట తెలుగువారు ధూళి రేగునట్లు గంతులు వేసిరి.

2022 ఫిబ్రవరి 24న రష్యా సేన దండెత్తెను. మరునాటి రాత్రి జెలెన్‌స్కీ కీవ్ వీధిలో సహచరులతో నిలిచి, తామందరమును అచ్చటనే యున్నామని వీడియోలో చెప్పెను. ఈ మారు సంభాషణలు వ్రాసియిచ్చినవాడు లేడు. వైద్యవిద్యకై ఉక్రెయినునకు పోయిన తెలుగు బిడ్డలు పొరుగు దేశముల సరిహద్దులు చేరి, విమానములలో పాలమునకును, ఘజియాబాదులోని హిండన్ వైమానిక స్థావరమునకును వచ్చిరి. ఆంధ్రప్రదేశ్ భవన్, తెలంగాణ భవన్ వారికి వసతి కల్పించినవి. మార్చి 25న చిత్రము విడుదలయ్యెను. ప్రేక్షకులెల్లరకు ఢిల్లీగా తోచిన ఆ మేడ, ఆ పిల్లలకు మాత్రము కీవ్‌గానే కనబడియుండును.

2023 మార్చిలో పాటకు ఆస్కారు బహుమానము లభించినది. ఆ యేడే మికొలాయివ్ నగరములోని ఉక్రెయిను సైనికులు దండు దుస్తులతోనే ఆ యడుగులు వేసి, పాటకు అనుకరణ నొకటి చిత్రించి విడుదల చేసిరి.