విద్యకు వేసిన తాళము



హైదరాబాదు నగరమున ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరువనే తార్నాక యను పేట యున్నది. అందొక ప్రయోగశాల కలదు. దానిని 1944లో నిజాము ప్రభుత్వము స్థాపించెను. 1989 నుండి అది భారతీయ రసాయన సాంకేతిక సంస్థ యని పిలువబడుచున్నది. క్రొత్త విద్యను కనిపెట్టినవానికి ఎంత హక్కుండవలెను, లోకులకు ఎంత దక్కవలెను అను ప్రశ్నను ఈ ప్రయోగశాల నుండియే విచారింతము.

పేటెంటు అనగా, కనిపెట్టినవానికి కొంతకాలము ప్రభుత్వమిచ్చు ఏకాధికారము. నేడు మన దేశమున దాని గడువు 20 సంవత్సరములు. 1970లో మన పార్లమెంటు చేసిన శాసనము ప్రకారము ఔషధమునకు పేటెంటు లేదు. దానిని తయారుచేయు విధానమునకు మాత్రమే కలదు. ఒక త్రోవ మూసినచో మరియొక త్రోవన ఊరు చేరవచ్చునన్నమాట. గుంటూరులో జనించిన డాక్టరు ఎ. వి. రామారావుగారు 1985 మొదలు 1995 వరకు తార్నాక సంస్థకు సంచాలకులై, అట్టి త్రోవలను పెక్కింటిని వెదకిరి. ఎయిడ్సు రోగమునకు వాడు ఎ.జెడ్.టి. యను మందును తయారుచేయు మార్గము వానిలో నొకటి. ఆ మార్గమున సిప్లా కంపెనీ మందును చేసి మన దేశమున చౌకగా అమ్మెను. 2005 జనవరి 1 నుండి మందునకే పేటెంటు వచ్చినందున ఆ వెసులుబాటు పోయినది.

ఇక తెరమీది బొమ్మల మాట. మీ మనుమలు ఫోనులో చూచు చిత్రమును యథాతథముగా పంపినచో మోయరాని బరువగును. కావున ఒక బొమ్మకును తరువాతి బొమ్మకును మధ్య మారిన భాగమును ముఖ్యముగా లెక్కగట్టి చిన్న మూటగా కట్టుదురు. ఈ కట్టు, విప్పు విద్యకు కోడెక్కని పేరు. 2003లో వెలువడిన హెచ్.264 అను కోడెక్కు లోకమంతట వ్యాపించెను. కాని దానిపై పెక్కు కంపెనీలకు పేటెంటు లుండెను.

ఇంటర్నెట్టు పుటలను చూపు సాధనమునకు బ్రౌజరని పేరు. వానిలో ఫైర్‌ఫాక్సు మూలలిపిని ఎవ్వరైనను చదివి, మార్చి, పంచిపెట్టవచ్చును. ఉచితముగా పంచు వస్తువునకు రుసుము చెల్లించుటెట్లు? కావున 2009లో దాని కర్తలు రుసుములేని థియోరా యను కోడెక్కును చేర్చిరి. 2010లో గూగుల్ కంపెనీ వీపీ8ను లోకమునకు విడిచెను.

అయినను తార్నాక యుపాయము ఇచ్చట చాలలేదు. మందు ఏ త్రోవన తయారైనను రోగికి నొకటే. కోడెక్కు అట్లు కాదు. మూట కట్టినవాడును విప్పువాడును ఒకే ముడిని ఎరిగియుండవలెను. లోకమంతయు ఒక ముడిని వేయుచుండగా, ఒక్కడు వేరు ముడి నేర్చిన నేమి లాభము? 2013లో సిస్కో కంపెనీ రుసుమును తానే భరించి హెచ్.264ను ఉచితముగా నిచ్చుటకు ఒప్పుకొనగా, 2014లో ఫైర్‌ఫాక్సు ముఖాముఖి సంభాషణల కొరకు దానిని చేర్చుకొనెను. అది రాజీయే గాని విజయము కాదు. 2015లో గూగుల్, మైక్రోసాఫ్టు, మొజిల్లా, సిస్కో మున్నగువారు పోటీ మాని కూటమి కట్టి, 2018లో ఏవీ1 అను క్రొత్త ముడిని వెలువరించిరి. దానిపై కూడ హక్కు చెప్పువారు లేకపోలేదు.

చెరువు త్రవ్వినవానికి కూలి యీయవలసినదే. కాని ఊరందరు త్రాగు నీటికి తాళము వేయనీయరాదు. ఒక్క మందునకు వేరు త్రోవను ఒక్క ప్రయోగశాల వెదకగలిగెను. అందరును వాడు ముడిని మార్చుటకు మాత్రము అందరును కలియవలసి వచ్చెను.