శ్రుతి కలవని జంట

మ్యూజిక్ షాపులో మౌతార్గాన్ అడిగితే మామూలుగా రెండు రకాలు బల్ల మీద పెడతారు. ఒకటి పది రంధ్రాల పొట్టిది, అరచేతిలో ఇమిడిపోతుంది. రెండోది జానెడు పొడవుంటుంది, నోరు పెట్టే వైపు కిందా పైనా రెండు వరుసల గళ్లుంటాయి. ఈ రెండోది ట్రెమోలో. పెట్టె మీద 24 అని అచ్చేసి ఉన్నా, గళ్లు లెక్కపెడితే పైన 24, కింద 24. లోపల ఇత్తడి రీడ్లు మొత్తం 48.

ఒక్కో స్వరానికి రెండేసి రీడ్లు ఎందుకో తెలియాలంటే విప్పి చూడక్కర్లేదు, సెలోటేపు ముక్క చాలు. కింది వరుస గళ్లకు టేపు అంటించి ఒక స్వరం ఊదండి. నిటారుగా, సన్నగా, కొంచెం రేకు గొంతుతో పలుకుతుంది. ఆ టేపు తీసి పై వరుసకు వేసి అదే స్వరం మళ్లీ ఊదండి. ఇందాకటిదే అనిపిస్తుంది. రెండిటిలో ఏది హెచ్చో ఏది తగ్గో మామూలు చెవికి చిక్కదు. ఇప్పుడు టేపు పూర్తిగా పీకేసి రెండు వరుసలూ కలిపి ఊదితే గొంతు ఒక్కసారిగా నిండుతుంది, అలలు అలలుగా ఊగుతుంది. ఊదేవాడు ఊపిరిని ఊపడం లేదు, చెయ్యి ఆడించడం లేదు. విడివిడిగా ఏ వంకా లేని రెండు రీడ్లు కలిసి పలికేసరికి శ్రుతి తప్పుతోంది. ఆ తప్పును పని గట్టుకుని, కొలత ప్రకారం పెట్టారు.

ఇంటర్ ఫిజిక్స్‌లో విస్పందనాలని చదువుకున్నవి ఇవే. ఒక రీడు సెకనుకు 440 సార్లు, పక్కది 443 సార్లు కంపిస్తే సెకనుకు మూడు అలలు వినిపిస్తాయి. కాస్త తేడా అడుగులతో ఇద్దరు పక్కపక్కన నడుస్తుంటే పాదాలు ఒకచోట కలిసి పడతాయి, కాసేపటికి విడిపోతాయి, మళ్లీ కలుస్తాయి. రీడ్ల కంపనాలు కలిసినప్పుడు ధ్వని ఉబ్బుతుంది, ఎదురుపడినప్పుడు కుంగుతుంది.

మన సంగీతంలో ఇది తరిమేయాల్సిన వస్తువు. తంబురాకు శ్రుతి చేసేవాళ్లు వెతికేది ఈ అలనే, కనబడితే బిరడా తిప్పి చంపడానికే. అల నెమ్మదించి, సాగి, మాయమైతే శ్రుతి కలిసినట్టు. హార్మోనియం బాగుచేసే పనివాడైనా అంతే. జంట రీడ్లు ఊగుతున్నాయంటే పెట్టె ముందేసుకుని కూర్చుంటాడు. మరి అదే ఊపును కావాలని ఉంచుకోవాలని ఎవరికి తోచింది?

ఒక్కరికని చెప్పలేం. ఇటలీలో 16వ శతాబ్దపు చర్చి ఆర్గన్లలోనే ఒక గొట్టానికి తోడుగా కొంచెం తేడా శ్రుతి గొట్టాన్ని పెట్టి, ఆ ఊగే గొంతుకు 'వోచే ఉమానా', అంటే మనిషి గొంతు అని పేరు పెట్టారు. ఎక్కడో బాలి ద్వీపంలో గామెలాన్ కంచు వాయిద్యాలను జంటలుగా పోతపోసి, జంటలో ఒకదాన్ని కాస్త హెచ్చుగా, ఒకదాన్ని కాస్త తగ్గుగా ఉంచుతారు. వీళ్ల ఊసు వాళ్లకు తెలిసే వీలు లేదు. చెవికి నచ్చినదాన్ని ఎవరికి వారే పట్టుకున్నారు.

ట్రెమోలోకు కావలసిన రెండో వస్తువు రీడు. ఒక కొస బిగించి, రెండో కొస తన కొలతకే కోసిన సందులో ఇటూ అటూ ఆడేలా వదిలేసిన లోహపు నాలుక అది. చైనాలో షెంగ్ అనే వెదురు గొట్టాల వాయిద్యం దీంతోనే వేల ఏళ్లుగా పలుకుతోంది. 1770ల్లో పెకింగ్‌లో ఉన్న అమియో అనే ఫ్రెంచి ఫాదిరీ షెంగ్‌లను పారిస్‌కు పంపాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీ, అచ్చుల్ని పలికే యంత్రం చేయగలరా అని పోటీ పెడితే, కోపెన్‌హాగెన్ ప్రొఫెసర్ క్రాట్జెన్‌స్టైన్ ఇలాంటి రీడునే వాడి 1780లో బహుమతి గెలిచాడు. మాట్లాడే యంత్రాల సంగతి ఎలా ఉన్నా రీడు మాత్రం యూరప్ కార్ఖానాల్లోకి జొరబడిపోయింది. హార్మోనియం, అకార్డియన్, మౌతార్గాన్ అన్నీ దాని సంతానమే.

మొదటి మౌతార్గాన్ ఎవరు చేశారన్న తగువు మాత్రం ఇంకా తెగలేదు. 1821లో జర్మనీలో బుష్‌మన్ అనే కుర్రాడు చేశాడని పుస్తకాలు చాలాకాలం రాశాయి. ఆ మాటకు గట్టి ఆధారం లేదనీ, 1820ల్లో వియన్నాలో ఇవి అప్పటికే అమ్ముడుపోతున్నాయనీ తర్వాత పరిశీలించినవాళ్ల వాదన. ఒకే గడిలో ఊదితే ఒక స్వరం, పీలిస్తే ఇంకో స్వరం పలికే అమరిక బొహీమియాకు చెందిన రిక్టర్ పేరు మీద ఉంది. రెండు వరుసల జోడు రీడ్ల అమరికను వియన్నా పద్ధతి అంటారు, అక్కడి పనివాడు విల్హెల్మ్ థీ పేరుతో ముడిపెడతారు. ఏ రోజుల్లోనైనా చౌక వస్తువు పుట్టుపూర్వోత్తరాలు రాసిపెట్టేదెవరు?

నాకు ఆసక్తి కలిగించే మనిషి వేరే ఉన్నాడు. క్రెఫెల్డ్ అనే ఊళ్లో యోహాన్ హైన్‌రిష్ షైబ్లర్ అని ఒక పట్టు వ్యాపారి. మోర్సింగ్ అంటే పిచ్చి. వాటిని చట్రంలో బిగించి 'ఆరా' అనే వాయిద్యం చేశాడు. దాన్ని శ్రుతి చెయ్యబోయి విస్పందనాల వెంట పడ్డాడు. 56 శ్రుతిదండాలు చేయించి, ఒక్కోటీ దాని ముందుదానికంటే సెకనుకు సరిగ్గా నాలుగు అలలు హెచ్చుగా ఉండేలా అరగదీశాడు. మొదటిది కింది షడ్జమైతే చివరిది పై షడ్జం. మధ్యలో 55 మెట్లు, మెట్టుకు నాలుగు, మొత్తం 220. పై షడ్జం కింది షడ్జానికి రెట్టింపు కాబట్టి కిందిది సెకనుకు 220 కంపనాలు, పైది 440. ఊగే అలలను చెవితో లెక్కపెట్టి తేల్చిన అంకె ఇది. 1834లో స్టుట్‌గార్ట్‌లో శాస్త్రవేత్తల సభ ముందు 440ని ప్రామాణిక శ్రుతిగా పెట్టమని ఆయన అడిగితే సభ సరేనంది. ట్రెమోలో పనివాడు చేసేది ఆయన పనికి రెండో ముఖం. షైబ్లర్ అలలు లెక్కపెట్టి శ్రుతి తేల్చాడు, ఇతను శ్రుతి నుంచి లెక్కగా అలలు తీస్తాడు.

స్టుట్‌గార్ట్‌కు దక్షిణంగా, నల్ల అడవి కొండల దగ్గర ట్రోసింగెన్ అనే ఊరుంది. అప్పట్లో గడియారాలు, నేత పని దాని బతుకుతెరువు. అక్కడ క్రిస్టియన్ మెస్నర్ మౌతార్గాన్లు చేయడం మొదలుపెట్టి పనితనం బయటికి పొక్కకుండా దాచుకున్నాడు. మథియాస్ హోనర్ అనే గడియారాలవాడు ఆ పని చూసి పట్టేశాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 1857లో హోనర్ సొంత దుకాణం తెరిచి మొదటి ఏడు 650 వాయిద్యాలు చేశాడు. తర్వాత సరుకు అమెరికా దారి పట్టింది, ట్రోసింగెన్ మౌతార్గాన్ల ఊరైంది. ఇవాళ జర్మన్ హార్మోనికా మ్యూజియం అక్కడే ఉంది.

రీడ్లు కొట్టడానికి యంత్రాలు వచ్చినా శ్రుతి చేసే పనిలో చెయ్యీ చెవీ మిగిలిపోయాయి. పనివాడు రీడు కింద పల్చని రేకు దూరుస్తాడు. స్వరం పెంచాలంటే ఆడే కొస దగ్గర సన్నని ఆకురాయితో గీస్తాడు, అక్కడ బరువు తగ్గి రీడు వేగంగా కంపిస్తుంది. దించాలంటే బిగించిన కొస దగ్గర గీస్తాడు, అక్కడ బిగువు సడలుతుంది. ఒక్క గీత ఎక్కువైతే రెండో వైపు నుంచి సరిదిద్దుకోవాలి, అలా రెండు మూడు సార్లయితే రీడు నీరసించి విరుగుతుంది. మెల్లగా ఊది పరీక్షించినా మోసమే. గట్టిగా ఊదితే రీడు స్వరం కాస్త దిగుతుంది కనుక, వాయించేవాడి ఊపుతోనే ఊది చూడాలి.

అన్ని గళ్లలోనూ ఒకే నిష్పత్తిలో తేడా ఇద్దామంటే కుదరదు. 440 దగ్గర మూడు అలలిచ్చే నిష్పత్తినే పై స్థాయిలో 880 దగ్గర ఉంచితే ఆరు అలలవుతాయి, కింద 220 దగ్గర ఒకటిన్నరే. పైన వణుకు, కింద బద్ధకం. అందుకని పైకి పోయేకొద్దీ నిష్పత్తి బిగిస్తారు, కిందికి వచ్చేకొద్దీ వదులుతారు. ఎంత ఊపు అందమన్నది రుచి మీదే ఆధారపడింది. కొన్ని చౌకరకాల్లో పక్కపక్క గళ్లే ఒకటి తొందరగా, ఒకటి తీరిగ్గా ఊగుతుంటాయి. పాట మధ్యలో అది పంటి కింద రాయిలా తగులుతుంది.

యూరప్‌లో ఉన్నంతవరకూ ట్రెమోలో జానపద నృత్యాల వాయిద్యమే. యూరప్ అమరికలో కింది స్థాయిలో మధ్యమం, ధైవతం ఉండవు. ఊదితే ఒక కార్డ్, పీలిస్తే దానికి జోడు కార్డ్ మోగాలని ఆ రెండిటినీ వదిలేశారు. తాళం పట్టుకుంటూ ఆడించేవాడికి అదే సుఖం. జపాన్‌లో సంగతి మారింది. 1914లో ఇవాళ్టి యమహా, 1917లో టోంబో కంపెనీ వీటి తయారీకి దిగాయి. వాయించేవాళ్లకు అక్కడ కావలసింది పాట, కార్డ్ కాదు. తూర్పు ఆసియాలో వాడుకలోకి వచ్చిన అమరిక కింది మధ్యమాన్ని, ధైవతాన్ని వెనక్కి తెచ్చింది. బదులుగా యూరప్ జానపదాలకు ప్రాణమైన పీల్పు కార్డ్ పోయింది. మైనర్ స్కేల్ పాటలకు వేరే మైనర్ వాయిద్యాలు చేశారు. సాతో హిదెరో లాంటివాళ్లు పక్కవాయిద్యం లేకుండా ఒక్క ట్రెమోలో మీదే రాగం, తోడు రెండూ పలికించే రచనలు చేశారు. స్వరాలను 1, 2, 3 అంకెలుగా రాసిన పుస్తకాలతో చైనా, కొరియా, తైవాన్‌లలో బడిపిల్లల దాకా చేరింది. పుట్టింటికంటే మెట్టినింటే దీనికి మర్యాద ఎక్కువని నా అభిప్రాయం.

అమెరికా మరో దారి పట్టింది. పది రంధ్రాల దాంట్లో ఊదే రీడు, పీల్చే రీడు ఒకే గదిలో ఉంటాయి కాబట్టి నాలుక బిగించి స్వరాన్ని కిందికి లాగొచ్చు. బ్లూస్ గాయకులు దాన్నే ఏడిపించారు. ట్రెమోలోలో ప్రతి రీడుకూ విడి గది, లాగడానికి పట్టు చిక్కదు.

మనకు మౌతార్గాన్ అనగానే సినిమాయే. 'దోస్తీ'(1964) కోసం లక్ష్మీకాంత్–ప్యారేలాల్ దగ్గర దాన్ని వాయించింది ఆర్.డి. బర్మన్. అదే కథను బాపు 1977లో 'స్నేహం'గా తెలుగులో తీశారు. 'షోలే'(1975)లో సాయంకాలం అమితాబ్ వాయించే ముక్క నిజానికి భాను గుప్తాది. సినిమా రికార్డింగుల్లో మీట నొక్కితే అర స్వరమిచ్చే క్రోమాటిక్ రకం అక్కరకొస్తుంది కనుక, తెర మీద విన్నదంతా ట్రెమోలో అనుకోకూడదు.

కొనుక్కుంటే 24 గళ్ల సి శ్రుతిది మేలు. మొదట తంటా పెట్టేది స్వరాలు కాదు, మూతి. వాయిద్యం కాస్త వంగితే ఊపిరి ఒక వరుసలోకే పోతుంది. అల చచ్చి సెలోటేపు గొంతు మళ్లీ వినిపిస్తుంది. రెండు వరుసలూ సమంగా నిండేదాకా ఒకే స్వరం సాగదీస్తూ కూర్చోవాలి. తర్వాత వరస ఎక్కడం తేలికే. సరిగమప దాకా ఊదు, పీల్చు, ఊదు, పీల్చు, ఊదు. దని రెండూ పీల్పు, పై షడ్జం ఊదు. వరసగా రెండు పీల్పులొచ్చే ఆ దని దగ్గరే అందరూ తడబడతారు.

ఇలా వచ్చేది శంకరాభరణం మేళం. అదే గళ్లలో రిషభాన్ని షడ్జం చేసుకుంటే ఖరహరప్రియ, గాంధారాన్ని చేసుకుంటే తోడి, మధ్యమం నుంచి కల్యాణి, పంచమం నుంచి హరికాంభోజి, ధైవతం నుంచి నఠభైరవి. కొత్త రీడు ఒక్కటి అక్కర్లేదు. గమకం లేని తోడి తోడేనా అని విద్వాంసులు నవ్వుతారు, నవ్వాల్సిందే. హార్మోనియంను అలాంటి కారణాలతోనే ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాల పాటు గుమ్మం బయట నిలబెట్టింది. అయినా మోహనం మాత్రం దీనిమీద హాయిగా పలుకుతుంది. గాంధారం దగ్గర ఊపిరి నిలిపితే ఆ అల గమకం కాకపోయినా, బోసిగా మాత్రం ఉండనివ్వదు.

చిక్కు వచ్చేది మాయామాళవగౌళ దగ్గర. శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం సి శ్రుతి వాయిద్యంలో లేవు. దానికి ఆసియా వాయిద్యకారుల ఉపాయమే శరణ్యం. సి మీద సి షార్ప్ వాయిద్యాన్ని పేర్చి రెండూ ఒకే పిడికిట్లో పట్టుకుంటారు, పన్నెండు స్వరస్థానాలూ దొరుకుతాయి. మన రాగానికి పై దాంట్లోంచి కావలసినవి రెండే స్వరాలు, అదృష్టం కొద్దీ రెండూ ఊదేవే. షడ్జం కింద, రిషభం పైన, గాంధారం మళ్లీ కింద. పెదవులు ఇలా మేడెక్కి దిగుతుంటే సరళీ వరసల మొదటి కాలమే ద్రుతంలా తోస్తుంది.