గిన్నెడు పులిహోర

ఆ సాయంత్రం తోట వంతు మాది. తీగలో కరెంటు ఉందో లేదో చూసి, నీళ్ల తొట్టి నింపి వెనక్కి తిరిగేసరికి అమ్మ కంచె దగ్గర నిలబడి ఉంది. చేతిలో స్టీలు గిన్నె. అడుగున నాలుగు వేరుశనగ పలుకులు. మిగతా పులిహోరంతా కంచె అవతల ఉంది.

"పొద్దుటిది మిగిలిపోయిందే. పారెయ్యడం దేనికనీ..."

రెండు పందులూ తోకలాడిస్తూ మెక్కేస్తున్నాయి. నా కాళ్లు చల్లబడ్డాయి.

ఇంగ్లండులో గ్లాస్టర్‌షైర్ మాది. ఊరంతా కలిసి చూసుకునే ఆపిల్ తోటలో పందుల్ని పెంచడం అదే మొదలు. తలా కొంత వేసుకుని, వంతులు రాసుకుని, ఎనిమిది వారాల పిల్లల్ని రెండింటిని తెచ్చాం. ఇక్కడ ఒక్క పందిని పెంచాలన్నా ఆ స్థలానికి ప్రభుత్వం దగ్గర నంబరు తీసుకోవాలి. మావి గ్లాస్టర్‌షైర్ ఓల్డ్ స్పాట్స్. తెల్లటి ఒంటి మీద నల్ల మచ్చలు, కళ్ల మీదకి వాలిన చెవులు. చెట్టు మీంచి ఆపిల్స్ పడి కమిలిన గుర్తులే ఆ మచ్చలని ఇక్కడి ముసలాళ్లు చెప్పే కథ. 1913లోనే ఈ జాతి కోసం సంఘం పెట్టుకున్నారు. 'తోట పంది' అని ముద్దుపేరు కూడా ఉంది. రాలిన కాయలు తింటాయి, కలుపు పెళ్లగిస్తాయి. ఒకేచోట వదిలేస్తే వేళ్లనూ పెళ్లగిస్తాయి, మొదళ్లకి ఒళ్లు రుద్ది బెరడు ఊడగొడతాయి. అందుకే కరెంటు తీగ, అందుకే తరచూ చోటు మార్పు.

నేను తెనాలి దగ్గర పెరిగినదాన్ని. మా ఊళ్లో పందులంటే ఊరి చివర ఎరుకల వాళ్లవి. మాకు 'పంది' అన్నది తిట్టు. వాళ్ల జీవనాధారాన్ని మేం తిట్టు చేసుకున్నామని అప్పుడు తట్టలేదు. అదే నోటితో ఇక్కడ దాణా బస్తా మోస్తూ "రండి, రండి" అని పిలుస్తుంటే నాకే నవ్వొచ్చేది.

పులిహోర సంగతి దాచేద్దామనుకున్న మాట నిజం. మర్నాడు పొద్దున వంతు పెద్దాయనది. డెబ్బై దాటిన పాతకాలపు రైతు. నేను వెళ్లేసరికి రెండు వేళ్ల మధ్య కరివేపాకు రెబ్బ పట్టుకుని ఉన్నాడు.

"ఇది మీ ఇంటిదేనా?"

అరవలేదు. బకెట్టు బోర్లించుకుని కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. నేను అమ్మకి తెలుగులో చెబుతూ వచ్చాను. 2001లో ఉత్తరాన న్యూకాజిల్ వైపు ఒక పందుల కొట్టంలో సరిగ్గా ఉడకబెట్టని ఎంగిలి మేపారు. జబ్బు అక్కణ్ణుంచి దేశమంతా పాకింది.

"ఏం జబ్బే?"

"గాలికుంటు."

"ఓస్, గాలికుంటా! మన గేదెలకి రాలేదూ? నోట్లో పుళ్లు, కాళ్లు కుంటడం. మీ తాతయ్య ఉప్పునీళ్లతో కడిగేవాడు. నెలకి తేరుకున్నాయిగా."

ఇక్కడ మాత్రం 60 లక్షలకు పైగా పశువుల్ని చంపేశారు. జబ్బున్నవే కాదు, పక్క పొలాల్లో నిక్షేపంగా ఉన్నవి కూడా. పెద్దాయన గొర్రెలు అలా పోయినవే. మందలో ఒక్కదానికీ కుంటు లేదట.

"గాలికుంటుకి చంపేస్తారా?" అంది అమ్మ. ఆ మాట ఆయనకి చెప్పబుద్ధి కాలేదు.

ఆ ఏడాది మే నెలలోనే ఎంగిలి మేపడం నిషేధించారు. పాలూ పెరుగూ వాడే శాకాహారుల వంటిల్లయినా సరే, అందులోంచి వచ్చిన తొక్క ముక్క కూడా పందికి పెట్టకూడదు.

అందరికీ చెప్పుకున్నాను. పశువుల డాక్టరుకీ చెప్పాం. కొన్నాళ్లు రెండింటి నోళ్లూ గిట్టలూ పట్టిపట్టి చూశాం. ఏమీ కాలేదు. నవంబరులో అవి కబేళాకి వెళ్లేవే, అందులో దాపరికం లేదు. మా వాటా పక్కింటికని ముందే ఒప్పందం.

తర్వాతి వంతు నాడు అమ్మ చెట్టు కింద రాలిన ఆపిల్ ఒకటి ఏరింది. నిండా బురద. ఇంటివైపు అడుగు వేసింది.

"అమ్మా, కడగొద్దు! వంటింట్లోకి వెళ్తే ఇక పెట్టకూడదు."

ఆగింది. కాయని కొంగుతో శుభ్రంగా తుడిచి కంచె మీదుగా విసిరింది.

"కొంగుకి కూడా ఏదన్నా రూలుందేమో ఆయన్ని అడుగు."