పెట్టెలోని నాణెం, మెడలోని నాణెం: నాణ్యత నిర్ణయ చరిత్రపై ఒక పరిశీలన

అరుదైన నాణెం కొనదలచినవారు దానిని గ్రేడింగ్ సంస్థ పరీక్షించి మూసిన ప్లాస్టిక్ పెట్టెలోనే, అంటే వ్యాపారులు స్లాబు అని పిలిచే రూపంలోనే కొనాలన్న సలహా ఇటీవల తెలంగాణ సేకర్తలలో బలపడుతున్నది. నాణెం పరీక్ష ఒక క్రమమైన విద్యగా అమెరికాలోనే పుట్టిందనీ, అంతకుముందు కొనుగోలుదారుకు అమ్మేవాని మాట తప్ప మరో ఆధారం లేదనీ చెప్పే ఒక చరిత్ర కథనం ఈ సలహాకు పునాదిగా ఉన్నది. ఆ కథనంలోని రెండవ భాగం దక్కను చరిత్రకు సరిపడదు.

నాణేలను పరీక్షించే రూపదర్శకుడనే అధికారిని కౌటిల్యుని అర్థశాస్త్రమే పేర్కొన్నది. తరువాతి శతాబ్దాలలో ఆ పని బజారులోని షరాబులకు, అంటే నాణేలు మార్చి ఇచ్చే వర్తకులకు సంక్రమించింది. వారు నాణేన్ని తూచి, మోగించి, గీటుపెట్టి చూసి, తరుగుకు తగినట్లు వట్టం కోసుకొని, ఒక్కొక్కప్పుడు తమ గుర్తును దాని ముఖం మీదే చిన్న ముద్రగా కొట్టేవారు. అక్రమాలు లేవని కాదు. వట్టం పేరిట రైతును దోచుకున్న షరాబులూ ఉన్నారు. అయినా వారి పరీక్ష లోహాన్నీ బరువునూ ఆధారం చేసుకున్నది.

అమెరికా పద్ధతి చూసినది వేరొక గుణాన్ని. నాణేల పరిశోధకుడు విలియం షెల్డన్ 1949లో ఆ దేశపు తొలినాటి రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 వరకు ఒక కొలమానాన్ని ప్రతిపాదించగా, 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ సంస్థలు దానిని వాణిజ్య స్థాయికి తెచ్చి, అంకె వేసిన చీటీతో నాణేన్ని పెట్టెలో మూసే పద్ధతిని స్థిరపరచాయి. ఈ అంకె ప్రధానంగా అరుగుదలనూ, ఉపరితలం మీది గీతలనూ, మెరుపునూ కొలుస్తుంది. యంత్రం మీద లక్షల సంఖ్యలో ఒకే తీరుగా అచ్చయిన నాణేలకు ఇది పనికివచ్చే కొలతే. దానిని అన్ని దేశాల, అన్ని కాలాల నాణేలకు విస్తరించడంలోనే చిక్కు ఉన్నది.

ఈ చిక్కును హైదరాబాదు రాజ్యపు సొంత నాణెమైన హాలీ సిక్కా చరిత్రలో స్పష్టంగా చూడవచ్చు. 1857 తిరుగుబాటు తరువాత మొగలు చక్రవర్తి పేరు తొలగి, నిజాముల బిరుదైన అసఫ్ జా పేరుతో నాణేలు వెలువడ్డాయి. ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో చార్మినార్ బొమ్మతో యంత్రపు రూపాయి వచ్చింది. చార్మినార్ ద్వారంలో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలపు నాణెం మీద మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు నాణెం మీద ఐన్ అనే అక్షరాలు కనిపిస్తాయి. దీని పక్కనే బ్రిటిష్ ఇండియా రూపాయి, జనం కల్దారు అన్న నాణెం, చెలామణిలో ఉండేది. 7 హాలీ రూపాయలకు 6 కల్దారు రూపాయలన్నది, అంటే 100 కల్దారులకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ అన్నది, చివరికి స్థిరపడిన మారకం.

ఈ తేడాను చాలామంది నిజాం నాణెపు హీనతకో, బ్రిటిష్ ఆధిపత్యపు ఒత్తిడికో గుర్తుగా చెబుతారు. తూకం అలా చెప్పదు. చార్మినార్ రూపాయి 11.178 గ్రాముల బరువుతో, వెయ్యి పాళ్లలో 818 పాళ్లు వెండితో తయారయ్యేది. కల్దారు సుమారు 11.66 గ్రాములు, అందులో 917 పాళ్లు వెండి. ఈ లెక్కన మొదటిదానిలో నికరపు వెండి సుమారు 9.14 గ్రాములు, రెండవదానిలో 10.69 గ్రాములు, నిష్పత్తి 0.855. ఏడింట ఆరు 0.857. మారకపు రేటు దాదాపు అచ్చంగా వెండి లెక్కే. యంత్రపు నాణేలకు ముందరి చేతి నాణేలకు ఇదే మాట ఇంత నిక్కచ్చిగా వర్తించదు. సంతలో ధరలు కాలాన్ని బట్టి ఊగిసలాడాయన్నదీ మరువరాదు. రాజకీయ ఒత్తిడి అసలే లేదనడమూ అతిశయోక్తే. అయినా రెండు నాణేలూ పక్కపక్కన నడిచిన రాజ్యంలో వెండిని చూసే పరీక్ష ఎంత లోతుగా స్థిరపడిందో ఈ రేటే చెబుతున్నది. హాలీ జారీ 1951లో నిలిచి, 1959లో చెల్లుబాటు పోయేదాకా ఈ రెండు లెక్కలూ ప్రజల నోళ్లలో ఉన్నాయి.

చెల్లుబాటు పోయిన రూపాయి విలువ పోలేదు. ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని జైనూర్ ప్రాంతానికి ఉత్తరాన ఒకప్పటి చాందా జిల్లా బ్రిటిష్ పాలనలో ఉండేది కనుక ఈ దిక్కున హాలీ, కల్దారు రెండూ సంతలకు వచ్చి ఉంటాయనుకోవడం సబబు. లంబాడా స్త్రీలు వెండి నాణేలకు టంకం పెట్టి కొక్కేలు అతికించి, లేదా బెజ్జం వేసి, దండలుగానూ రవికెల అంచులుగానూ ధరించారు. జైనూర్ మండలంలోని మార్లవాయిలో 1940లలో నివసించిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ అధ్యయనాలు గిరిజనుల మీద వడ్డీ వ్యాపారుల పట్టును విస్తారంగా నమోదు చేశాయి. అటువంటి చోట మెడలోని వెండి అలంకారంతోపాటు కరువుకాలపు నిధి కూడా. ఇటువంటి రూపాయిని నేటి గ్రేడింగ్ సంస్థకు పంపితే అంకె రాదు. కొక్కెం ఆనవాలు ఉన్నదనో, బెజ్జం ఉన్నదనో కారణం రాసి, వ్యాపారులు డిటైల్స్ అనే తక్కువ తరగతిలో వేస్తారు, ధర పడిపోతుంది. దానితో కొందరు టంకం కరిగించి, నాణేన్ని గీకి, తోమి అమ్ముతున్నారు. ఒక ప్రాంతపు ఆర్థిక జీవితానికి సాక్ష్యమైన ఆనవాలును అంకె కోసం చెరిపివేయడం బాధాకరం.

ఇంతకంటే పాత నాణేలకు నష్టం మరింత పెద్దది. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన గోబద, నారన, కంవాయ, సమగోప, సిముక నాణేల ప్రాముఖ్యం వాటి మెరుపు వల్ల వచ్చింది కాదు. పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి పండితులు వాటిని చదివి ప్రకటించినప్పుడు శాతవాహనుల తొలి అడుగుల గురించిన చర్చ తెలంగాణ వైపు మళ్లింది. సిముక నాణెం వంశ స్థాపకునిదేనా అన్న వివాదం ఉన్నా, ఆ చర్చకు బలమిచ్చింది నాణెం ఆ మట్టిలో దొరికిందన్న సమాచారమే. ఎక్కడ దొరికిందో చెప్పని నాణెం, ఎంత మంచి పెట్టెలో ఉన్నా, ఈ వాదంలో సాక్ష్యంగా నిలవదు. ప్రాచీన నాణేల విభాగంలో ఎన్‌జీసీ స్వయంగా అసలుతనానికి హామీ ఇవ్వదు, అభిప్రాయం మాత్రమే చెబుతుంది. ఎక్కువ ధర పెట్టే కొనుగోలుదారులలో ఎందరికి ఈ సంగతి తెలుసునన్నది సందేహం.

పెట్టెకు ప్రయోజనం లేదనడం న్యాయం కాదు. మెరుగైన స్థితిలోని చార్మినార్ రూపాయికో, అరుదైన సంవత్సరపు కల్దారుకో పెద్ద మొత్తం చెల్లించేటప్పుడు, ముఖ్యంగా నకిలీలు విస్తరించిన రకాలలో, నమ్మదగిన సంస్థ పరీక్ష కొంత రక్షణ ఇస్తుంది. కానీ నకిలీ పెట్టెలే బయలుదేరాయి. ఒకే నాణేన్ని పెట్టె పగులగొట్టి మళ్లీ పంపితే వేరే అంకె వచ్చిన సందర్భాలు ఎన్నో ఉన్నందువల్ల, అంకెలను తిరిగి పరిశీలించడానికే 2007లో అమెరికాలో సీఏసీ అనే మరో సంస్థ అవసరమైంది. పైగా మూసిన పెట్టెలో నాణేన్ని తూచడం, అంచును సరిగా చూడడం కుదరదు; అంటే షరాబు చేసిన పరీక్షనే పెట్టె కొనుగోలుదారుకు దూరం చేస్తుంది.

చట్టం మాట కూడా ఉన్నది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దానిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నిషిద్ధం. కనుక తొలినాటి చార్మినార్ రూపాయిని గ్రేడు కోసం విదేశాలకు పంపడం తగదు. భూమిలో దొరికిన నిధి పది రూపాయల విలువ మించితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతున్నది. సేకర్త నాణేన్ని బిల్లుతో కొని, బరువు రాసుకొని, ఎవరి ఇంటి నుంచి, ఏ ఊరి నుంచి వచ్చిందో అడిగి నమోదు చేసుకోవడం చీటీ మీది అంకె కంటె ముందు జరగవలసిన పని. కొక్కెం ఉన్న రూపాయి దొరికితే ఆ కొక్కేన్ని అలాగే ఉంచి కొనాలి.