లాపతా మనుషుల పతా వెతికిన యంత్రాలు

ఉర్దూ మీడియం బడిలో నేర్చుకున్న మాటల్లో నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఒకటుంది: లాపతా. అంటే పతా లేని మనిషి. చనిపోయినవాళ్లకు ఖబరస్తాన్‌లో ఇంత జాగా ఉంటుంది. షబే బరాత్ నాడు వెళ్లి ఫాతెహా చదివి వస్తాం. లాపతా అయిన మనిషి ఇంట్లో మాత్రం ఇంతెజార్ ఆగదు. మర్హూమ్ అనడానికి నోరు రాదు, విరాసత్ పంపకం జరగదు. భర్త జాడ నాలుగేళ్లు తెలియకపోతే భార్య నికాహ్ రద్దు కోరవచ్చని 1939 నాటి చట్టం చెప్పింది. అప్పటిదాకా ఆమె సబర్ చేయాల్సిందే.

ఆ మనిషి సముద్రంలో లాపతా అయితే ఎవరు వెతకాలి?

సముద్రం అడుగు గురించి మనిషికి తెలిసింది చాలా ఆలస్యంగా. 1872 నుంచి 1876 దాకా ఛాలెంజర్ అనే బ్రిటిష్ ఓడ ప్రపంచ సముద్రాలు తిరిగింది. తాడుకు బరువు కట్టి కిందికి వదిలి లోతు కొలిచేవారు. ఒక్కో కొలతకు గంటలు పట్టేది. పసిఫిక్‌లో ఒకచోట తాడు 8,000 మీటర్లు దాటి దిగింది. 20వ శతాబ్దంలో తాడు పోయి శబ్దం వచ్చింది. లోతుకు వెళ్లేకొద్దీ వెలుతురు ఉండదు, రేడియో తరంగాలు పనిచేయవు. శబ్దం మాత్రం దూరం పోతుంది, అడుగుకు తగిలి తిరిగి వస్తుంది. ఆ ప్రతిధ్వనితో బొమ్మ గీసేదే సోనార్. ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణం చొప్పున పెరిగే ఒత్తిడిని తట్టుకుంటూ, పైనుంచి కేబుల్ లేకుండా, తనకు ఇచ్చిన దారిలో వరసలు వరసలుగా ఈదుతూ సోనార్‌తో అడుగంతా గాలించే రోబోలు తర్వాత వచ్చాయి. రైతు చాలు తప్పకుండా దున్నినట్టే వాటి పని.

2009 జూన్ 1న రియో నుంచి పారిస్‌కు వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం అట్లాంటిక్‌లో కూలింది. అందులో ఉన్నది 228 మంది. మొదట్లో నీటి పైన 50 మంది మయ్యత్‌లు దొరికాయి. బ్లాక్ బాక్సుల బీకన్ల గడువు 30 రోజులే. దాదాపు రెండేళ్ల తలాష్ తర్వాత, 2011 ఏప్రిల్‌లో, రెమస్ 6000 అనే రోబోలు 3,900 మీటర్ల లోతులో శిథిలాలను కనిపెట్టాయి. ఆ మరుసటి నెలలో బ్లాక్ బాక్సులు పైకి వచ్చాయి. మరో 104 మంది దేహాలు ఇళ్లకు చేరాయి. 74 మంది మాత్రం సముద్రంలోనే ఉండిపోయారు. వేగం కొలిచే గొట్టాల్లో మంచు చేరిందనీ, ఆ తర్వాత పైలట్లు విమానాన్ని అదుపు చేయలేకపోయారనీ ఆ రికార్డర్లే చెప్పాయి. బీకన్ గడువు 90 రోజులకు పెంచాలన్న నియమానికి కూడా ఈ ప్రమాదమే కారణం.

ఇలాంటి గాయం మన బంగాళాఖాతానికీ తగిలింది. 2016 జులై 22 ఉదయం తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన వాయుసేన ఏఎన్-32 విమానం గాయబ్ అయింది. అందులో 29 మంది ఉన్నారు. వాళ్లలో 8 మంది విశాఖపట్నం నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. ఓడలు, విమానాలు వారాల తరబడి వెతికినా నమ్మదగ్గ ఆనవాలు ఒక్కటీ దొరకలేదు. ఆ ఇళ్లలో ఎన్ని ఈదులు, ఎన్ని సంక్రాంతులు గడిచిపోయాయో!

ఏడున్నరేళ్ల తర్వాత, 2024 జనవరి 12న, రక్షణ శాఖ ఖబర్ చెప్పింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థకు చెందిన రోబో 3,400 మీటర్ల లోతులో విమాన శిథిలాల ఫొటోలు తీసింది. ఆ ఫొటోలు ఏఎన్-32తో సరిపోతున్నాయి. ఆ ప్రాంతంలో మరే విమానమూ తప్పిపోయిన రికార్డు లేదు. కాబట్టి ఇది అదే కావచ్చని ప్రకటన ఆచితూచి చెప్పింది. ప్రమాదం ఎందుకు జరిగిందో అందులో లేదు. పతా దొరికింది, వజహ్ దొరకలేదు.

మన రోబో పేరు ఓఎంఈ-6000. అది అసలు మనుషులను వెతకడానికి వచ్చింది కాదు. హిందూ మహాసముద్రం అడుగున ఉన్న ఖనిజపు గడ్డల కోసం 5,000 మీటర్లు దాటి దిగిన యంత్రం. రాళ్ల కోసం ఇంత డబ్బు ఖర్చు పెట్టాలా అని మనలో చాలామంది అడుగుతుంటారు. నేనూ అడిగాను. ఇవాళ అడగను. ఇల్మ్ ఏ దారిన పోయినా చివరికి ఎవరి గుమ్మం తడుతుందో ముందే తెలియదు. రాళ్ల కోసం దిగిన యంత్రమే 29 ఇళ్లకు జవాబు తెచ్చింది. లాపతా అన్న మాటలోంచి ‘లా’ను తీసేయడం కంటే పెద్ద ఖిద్మత్ ఏముంటుంది?