రాజుగారి గాన పాఠశాల

విజయనగరంలో పూసపాటి రాజులు చదువుకు చేసిన మేలు ఒక్క తరంతో అయిపోయింది కాదు. 1857లో పెట్టిన బడి 1879 నాటికి కాలేజీ అయింది. గురజాడ అప్పారావుగారు అక్కడే చదివారు, అక్కడే పాఠం చెప్పారు. సంస్కృతానికి వేరే కళాశాల ఉండేది. సంగీతం మాత్రం చాలాకాలం కోట గడప దాటలేదు. ఆనంద గజపతి కొలువులో పేరున్న విద్వాంసులు పాడేవారు, వాయించేవారు. వినాలంటే ఆ కొలువులో చోటుండాలి. నేర్చుకోవాలంటే గురువుగారింట ఏళ్ల తరబడి శుశ్రూష చెయ్యాలి, ఆయనకు దయ కలిగినప్పుడు చెప్పిందే పాఠం. విద్వాంసుడి కొడుక్కీ మేనల్లుడికీ అందే విద్య పైవాళ్ల పిల్లలకు అందడం గగనంగా ఉండేది.

1919 ఫిబ్రవరి 5న విజయరామ గజపతిరాజుగారు ‘విజయరామ గాన పాఠశాల’ను ప్రారంభించడంతో ఆ పద్ధతి మారింది. తెలుగునాట సంగీతానికంటూ వెలసిన తొలి కళాశాల ఇదేనంటారు. దీనికి కారణమైన పిల్లవాడి కథ మన ఊళ్లో అందరూ చెప్పుకునేదే. సంస్థానంలో పనిచేసే చాగంటి జోగారావుగారికి చూపులేని కొడుకు ఉండేవాడు. ఆ అబ్బాయికి సంగీతమంటే ప్రాణం. అతనికి నేర్పించడానికి ఇంటికి ఒక మేష్టారిని పంపితే సరిపోయేది. రాజుగారు ఏకంగా పాఠశాలే పెట్టారు. ఒక్క బిడ్డ కోసం చేసిన ఆలోచన ఎందరి పిల్లలకో దక్కింది.

భవనం కట్టించడానికి డబ్బుంటే చాలు. పాఠం చెప్పే మనిషిని ఎంచాలంటే మాత్రం చెవి ఉండాలి, ధైర్యం ఉండాలి. నా దృష్టిలో ఈ కళాశాల చరిత్రంతా ఆ ఎంపికలోనే ఉంది.

మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. అప్పటికి ఆయనకు 54 ఏళ్లు. కాలికి గజ్జె కట్టి, చేత చిరతలు పట్టి హరికథకు నిలబడితే ఆయనకు సాటివచ్చేవారు లేరు. చిన్నతనంలో కొన్నాళ్లు తప్ప ఒక గురువు ముందు పద్ధతిగా కూర్చుని సంగీతం నేర్చుకోలేదు. ఏ పరంపరా తనదని చెప్పుకోని మనిషిని శాస్త్రం నేర్పే చోట పెద్దగా కూర్చోబెట్టడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు. కానీ లయలో ఆయన పట్టు అసాధారణం. రెండు చేతులతో, రెండు కాళ్లతో, తలతో ఒకేసారి ఐదు తాళాలు చూపించేవారు. 90 రాగాలు గుచ్చి ‘దశవిధ రాగ నవతి కుసుమ మంజరి’ కూర్చారు. కళాశాల బాధ్యత మోస్తూనే ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారశీ నుంచి సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ తెచ్చారు. 1936 దాకా 17 ఏళ్లు ఈ పీఠం మీద ఉన్నారు. అలాంటి మనిషి ఎదురుగా తిరుగుతుంటే విద్యార్థికి సగం చదువు వరండాలోనే వచ్చి ఉంటుంది.

రెండో ఎంపిక ఇంకా గొప్పది. ద్వారం వెంకటస్వామినాయుడుగారికి చిన్నప్పటి నుంచీ చూపు మందం, ఆ కారణంగానే బడి చదువు సాగలేదు. అన్నగారి దగ్గర ఫిడేలు పట్టారు. ఇక్కడ విద్యార్థిగా చేరదామని వచ్చారనీ, ఆయన వాయించింది విని నేర్చుకునే వరసలో కాక నేర్పే పీఠం మీదే కూర్చోబెట్టారనీ చెబుతారు. అప్పటికి ఆయన వయసు 26. పట్టా అడగకుండా, వయసు చూడకుండా, విన్నదాన్ని బట్టి ఉద్యోగం ఇచ్చారు. ఫిడేలంటే పాటకుడి పక్కన కూర్చుని అనుసరించే వాయిద్యమనుకునే రోజులవి. ద్వారంవారు నిండుగా, పొడుగ్గా కమాను లాగుతుంటే తీగ మీద గొంతు పలికినట్టే ఉండేది. ఫిడేలు ఒక్కదానితోనే పూర్తి కచేరీ నిలబెట్టవచ్చని దక్షిణాది అంతటికీ చూపించారు. దాసుగారి తరవాత 1936లో అధ్యక్షులయ్యారు, 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. వారి కుటుంబంలోని వాళ్లు తరవాత కూడా ఇక్కడే పాఠాలు చెప్పారు.

ద్వారంవారి రోజుల్లోనే కృష్ణాజిల్లా నుంచి ఒక కుర్రవాడు చేతి ఉంగరం అమ్ముకుని ఈ ఊరు వెతుక్కుంటూ వచ్చాడు. ఘంటసాల వెంకటేశ్వరరావు. తీరా వచ్చేసరికి కళాశాలకు సెలవులు. చేతిలో డబ్బులేదు, ఊళ్లో చుట్టాలు లేరు. అప్పుడు చేరదీసినవారు గాత్ర పండితులు పట్రాయని సీతారామశాస్త్రిగారు, సాలూరు చిన గురువుగారు. ఆయనా కలిగినవారు కారు. పాఠం ఉచితంగా చెప్పగలరు గానీ రెండు పూటలా అన్నం పెట్టే స్థోమత లేదు. అందుకని ఘంటసాల జోలె కట్టి మాధుకరానికి బయలుదేరాడు. ఇల్లిల్లూ తిరిగి తెచ్చిన అన్నంలో ఒక పూటకు తిని, మిగిలింది మేనమామ ఇచ్చిన గావంచాలో మూటకట్టి, చీమలు పట్టకుండా గోడ మేకుకు తగిలించేవాడు. ఒకనాడు చీమలు అక్కడికీ ఎక్కాయి. మేనమామ ఇచ్చిన గుడ్డ పాడవుతుందని బెంగపడి ఒక డబ్బా కొనుక్కున్నాడు. సెలవులయ్యాక కళాశాలలో చేరి నాలుగేళ్ల చదువు రెండేళ్లలో ముగించాడు. తరవాతి సంగతి తెలుగువాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట అనాలి. కళాశాల రాజుగారిదే, కానీ ఆ కుర్రవాడి జోలె నింపింది ఊరు. పేరు తెలియని ఇల్లాళ్లు పెట్టిన ముద్ద కూడా ఈ సంస్థ చరిత్రలో భాగమే. ప్రత్యేక సంచికల్లో రాజుల బొమ్మలూ అధ్యక్షుల బొమ్మలూ వేస్తాం, వాళ్ల బొమ్మలు మనకు లేవు. కనీసం ఒక వాక్యమైనా వాళ్లకు దక్కాలి.

నేదునూరి కృష్ణమూర్తిగారు 1940లో ఇక్కడ గాత్రం, ఫిడేలు నేర్చుకోవడం మొదలుపెట్టి 1991లో తామూ సంగీత కళానిధి అయ్యారు. ఈ ఊళ్లోనే పుట్టిన పి. సుశీలగారు ఇక్కడే డిప్లొమా పూర్తిచేసి సినిమాలకు వెళ్లారు.

జమీందారీలు రద్దయ్యాక కళాశాల ప్రభుత్వం చేతికి వచ్చింది. ఇప్పుడు దీని పేరు మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల. నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆ పైన రెండేళ్ల డిప్లొమా. గాత్రం, వీణ, ఫిడేలు, మృదంగంతో పాటు నాదస్వరం, డోలు కూడా నేర్పుతారు. కోవెల వాకిట్లో పుట్టి పెరిగిన ఈ రెంటికీ వీణ పక్కన సమాన పీఠం దొరకడం నాకెంతో ఇష్టమైన సంగతి. మేళగాడి బిడ్డ తండ్రి విద్యతోనే ప్రభుత్వ పట్టా పుచ్చుకోగలుగుతున్నాడు.

ఉత్సవాలకు పందిళ్లు వేస్తాం, సన్మానాలు చేస్తాం. అవీ ఉండాలి. కానీ సర్కారును నేను కోరేది ఒక్కటే. ప్రతి శాఖకూ పూర్తికాలపు గురువును వెయ్యండి. అతణ్ణి ఎంచే ముందు పెద్ద విద్వాంసులను కూర్చోబెట్టి, కాగితాలు పక్కన పెట్టి, ఒక గంట వాయింపు వినండి. ద్వారంవారికి ఈ ఉద్యోగం అలాగే వచ్చింది.