హార్డ్ కార్బన్ ఆనోడు

హార్డ్ కార్బన్ ఆనోడు అనగా సోడియం-అయాన్ బ్యాటరీలో ఋణధ్రువంగా పనిచేసే, క్రమరహిత నిర్మాణం గల కర్బన పదార్థం. ఛార్జి చేయునపుడు సోడియం అయాన్లు దీనిలో చేరుతాయి. బ్యాటరీని వాడునపుడు తిరిగి ధనధ్రువానికి పోతాయి. సుమారు 3000 డిగ్రీల సెల్సియస్ వద్ద కూడా గ్రాఫైటుగా మారని కర్బనాలను రోసలిండ్ ఫ్రాంక్లిన్ 1951లో ప్రత్యేక తరగతిగా గుర్తించింది. హార్డ్ కార్బన్ ఆ తరగతికి చెందినది.

ఆవశ్యకత

లిథియం-అయాన్ బ్యాటరీలలో గ్రాఫైటు ఆనోడుగా వాడుకలో ఉన్నది. దాని సైద్ధాంతిక సామర్థ్యం గ్రాముకు 372 మిల్లీ ఆంపియర్-గంటలు. సాధారణ విద్యుద్విశ్లేష్యాలలో సోడియం మాత్రం గ్రాఫైటు పొరల మధ్య దాదాపు చేరదు. అయాను పరిమాణమొక్కటే దీనికి కారణం కాదు. అంతకంటె పెద్దదైన పొటాషియం అయాను చేరగలదు. సోడియం-గ్రాఫైటు సమ్మేళనాలకు తగిన స్థిరత్వం లేకపోవడమే ముఖ్య కారణం.

నిర్మాణం

కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీవెన్స్, డాన్ 2000లో గ్లూకోజు నుండి చేసిన హార్డ్ కార్బన్ గ్రాముకు సుమారు 300 మిల్లీ ఆంపియర్-గంటలు నిల్వచేస్తుందని చూపారు. వారి నమూనా ప్రకారం దీనిలోని కర్బన పొరలు కూలిన పేకమేడ వలె అడ్డదిడ్డంగా ఉంటాయి. పొరల మధ్య, వాటి నడుమ ఏర్పడిన సూక్ష్మరంధ్రాలలో సోడియం నిలుస్తుంది. ఏ వోల్టేజి వద్ద ఏ చోట చేరుతుందన్న దానిపై శాస్త్రజ్ఞులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి.

మన్నిక

మొదటి ఛార్జిలో విద్యుద్విశ్లేష్యం కొంత విచ్ఛిన్నమై ఆనోడుపై పలుచని పొర ఏర్పడుతుంది. అందులో చిక్కిన సోడియం తిరిగి ఉపయోగపడదు. ఈ పొర గట్టిగా నిలిస్తే ఆనోడును కాపాడుతుంది. మాటిమాటికీ పగిలి మరల ఏర్పడితే సామర్థ్యం తరుగుతుంది. అతివేగంగా ఛార్జి చేసినచో ఆనోడుపై లోహ సోడియం పేరుకొని ప్రమాదం కలగవచ్చు. అందువలన ఈ క్రింది పద్ధతులు పాటిస్తారు:

* సుమారు 1100-1400 డిగ్రీల వద్ద కాల్చి, విద్యుద్విశ్లేష్యానికి తగిలే ఉపరితలాన్ని తగ్గించుట
* కొబ్బరి చిప్పల వంటి ముడిపదార్థాల నుండి ఖనిజ మలినాలను ఆమ్లంతో కడుగుట
* రేణువులపై మృదు కర్బనపు పూత వేయుట
* ఫ్లోరోఇథిలీన్ కార్బొనేటు వంటి సంకలితాలను విద్యుద్విశ్లేష్యంలో కలుపుట

హైదరాబాదు, భారతదేశం

హైదరాబాదు పాతబస్తీకి దక్షిణాన బాలాపూర్‌లో ఉన్న ఏఆర్‌సీఐ, కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగానికి చెందిన స్వయంప్రతిపత్తి గల సంస్థ. లిథియం, సోడియం బ్యాటరీల పదార్థాలు దాని పరిశోధనాంశాలలో ఉన్నాయి. హార్డ్ కార్బన్ ఆనోడును వాడే బ్రిటిష్ సంస్థ ఫారాడియన్ 2022లో రిలయన్స్ చేతికి వచ్చింది.

సోడియం భూపటలంలో సమృద్ధిగా లభిస్తుంది. పైగా అది అల్యూమినియంతో మిశ్రమం చెందదు కనుక ఆనోడు వైపు కూడా రాగి రేకుకు బదులు చవకైన అల్యూమినియం రేకు సరిపోతుంది. అయితే ఆనోడు వేల పర్యాయాలు మన్నినపుడే ఈ ఆదా వినియోగదారునికి దక్కుతుంది.